కాటి సీను పద్యాలు రాసిన కవి – గుర్రం జాషువా

మన తిరువూరు చుట్టుపక్కల గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు వైపు ఊళ్ళలో పుట్టినవాళ్ళకు రాత్రి నాటకం గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. శ్రీరామనవమి పందిట్లోనో, తిరునాళ్ళలోనో స్టేజి కడతారు. రాత్రి పది గంటలకు మొదలవుతుందని చెబుతారు, పదకొండు దాటితే గాని తెర లేవదు. హార్మోనియం శ్రుతి వినిపించగానే పిల్లలు ముందుకు వచ్చి చాపలు పరుచుకుంటారు. సీను సీనుకీ మధ్య చదివింపులు ఇచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదువుతారు. పాత రోజులతో పోలిస్తే ఈ నాటకాలు బాగా తగ్గాయి. అయినా పెద్దవాళ్ళను కదిలిస్తే ఏ నటుడు ఏ రాగంలో ఎంతసేపు గుక్క పట్టాడో ఇప్పటికీ చెబుతారు.

ఆ నాటకాల్లో సత్యహరిశ్చంద్రది ప్రత్యేక స్థానం. పెద్ద కాంట్రాక్టు నాటకమైతే హరిశ్చంద్రుడి పాత్ర ఒక్కరే వెయ్యరు. కొలువులో ఉన్న రాజుగా ఒకరు, కాశీలో భార్యను అమ్ముకునే ఘట్టానికి ఇంకొకరు, చివరి కాటి సీనుకు మరొకరు వేస్తారు. అందరికన్నా పేరున్న గాయకుడిని కాటి సీనుకే ఉంచుతారు. ఆ సీను వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది. అప్పటిదాకా నిద్రపోయిన ముసలివాళ్ళను కూడా పక్కవాళ్ళు తట్టి లేపుతారు. నల్ల గొంగడి భుజాన వేసుకుని, చేత్తో కర్ర పట్టుకుని హరిశ్చంద్రుడు వస్తాడు. మాటలేమీ లేకుండా స్మశానాన్ని చూస్తూ పద్యం ఎత్తుకుంటాడు. ఒక పద్యం అయ్యాక ఈలలు, వన్స్‌మోర్ కేకలు వస్తాయి. మళ్ళీ పాడతాడు.

సత్యహరిశ్చంద్రీయం నాటకాన్ని 1912 ప్రాంతంలో రాసినవారు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. కానీ జనం ఎదురుచూసే ఆ స్మశానం పద్యాలు ఆయనవి కావు. అవి గుర్రం జాషువా గారివి. ఆయన నాటకం కోసం వాటిని రాయలేదు. విడిగా ఒక ఖండికగా రాసుకున్నారు. నటులే వాటిని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. మన పాఠ్యపుస్తకాల్లో జాషువా గారి పద్యాలు చదివిన విద్యార్థుల్లో చాలామందికి కూడా తాము నాటకంలో విన్న పద్యాలు, పుస్తకంలో చదివిన పద్యాలు ఒకే మనిషి రాసినవని తెలియదు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితం రాయాలనిపించింది.

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. దానికి ముందు గుంటూరు జిల్లాలో ఉండేది. ఆయన పుట్టిన నాటికి గుంటూరు జిల్లాయే లేదు. అది 1904లో ఏర్పడింది. అంటే ఆయన పుట్టింది అప్పటి కృష్ణా జిల్లాలోనే. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. ఇద్దరూ క్రైస్తవులు. ఈ కులాంతర వివాహం వల్ల ఆ కుటుంబం రెండు వైపులా మాటలు పడింది.

బడిలో తక్కువ కులంవాడని తోటిపిల్లలు ఎగతాళి చేస్తే ఆయన ఏడుస్తూ ఇంటికి వచ్చే రకం కాదు. తిరగబడి కొట్టేవారు. దెబ్బలాటలతో పాటు ఆయనకు ఇంకో రెండు విద్యలు చిన్నప్పుడే వచ్చాయి. బొమ్మలు గీసేవారు, పాటలు పాడేవారు. తరువాత ఆయన పద్యాల్లో బొమ్మ కట్టినట్టు కనపడే గుణం, గొంతెత్తి పాడుకోవడానికి వీలైన గుణం రెండూ ఉన్నాయంటే దానికి బీజం అక్కడే పడిందని నా అభిప్రాయం.

1910లో ఆయనకు మేరీ గారితో పెళ్ళయింది. అప్పటికి వయసు పదిహేనేళ్ళే. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులుగా చేరారు. ఆ ఉద్యోగం కూడా నిలబడలేదు. పని వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్ళారు. అక్కడ 1915, 1916 సంవత్సరాల్లో ఆయన చేసిన పని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

అప్పటికి సినిమాలకు మాట లేదు. తెర మీద బొమ్మలు కదులుతాయి, నోళ్ళు ఆడతాయి, శబ్దం రాదు. ఆ బొమ్మల్లో ఎవరు ఎవరితో ఏం అంటున్నారో జనానికి ఎలా తెలుస్తుంది? అందుకని తెర పక్కన ఒక మనిషిని నిలబెట్టేవారు. బొమ్మ నడుస్తుంటే కథ చెబుతూ, రాజు మాట రాజులా, దొంగ మాట దొంగలా పలుకుతూ పోవడం అతని పని. ఇలాంటి వాచకులు మన దగ్గరే కాదు, వేరే దేశాల్లో కూడా ఉండేవారు. జపాన్‌లో వారిని బెన్షీలు అనేవారు. అక్కడ కొందరు బెన్షీల గొంతు వినడానికే జనం టికెట్టు కొనేవారు. రాజమండ్రిలో ఆ పనికి కుదిరిన ఇరవై ఏళ్ళ యువకుడు జాషువా.

ఆ పని ఎలాంటిదో ఊహించుకోండి. మైకు లేదు. హాల్లో ఆఖరి మనిషిదాకా మాట వెళ్ళాలి. బొమ్మ ఆగదు కాబట్టి మాట కూడా తడుముకోకూడదు. చెప్పింది జనానికి పట్టకపోతే అప్పటికప్పుడే కేకలు వేస్తారు. పద్యం రాసే కవి కాగితం ముందు ఒంటరిగా కూర్చుంటాడు. ఈయన మాత్రం జనం ముఖాలు చూస్తూ, ఏ మాట దగ్గర నవ్వుతున్నారు, ఎక్కడ కళ్ళు తుడుచుకుంటున్నారు అనేది రోజూ చూశారు. పెద్ద పెద్ద పండితులకు దొరకని చదువు ఇది. జాషువా గారి పద్యంలో సమాసాలు ఉన్నా చదువురానివాడికి కూడా అర్థం అవుతుంది. ఒక్కో పద్యం చివరి పాదం దగ్గరకు వచ్చేసరికి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఇది రాజమండ్రి తెర పక్కన నిలబడిన రెండేళ్ళలో కొంతైనా వచ్చి ఉంటుందని నేను అనుకుంటాను. 1932లో తెలుగు టాకీ భక్తప్రహ్లాద వచ్చాక ఆ వాచకుల ఉద్యోగాలు క్రమంగా పోయాయి. అప్పటికి ఆయన వేరే దారిలో చాలా దూరం వెళ్ళిపోయారు.

రాజమండ్రి తరువాత గుంటూరు చేరారు. లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళపాటు పనిచేశారు. 1928 నుంచి 1942 వరకు ప్రభుత్వ తెలుగు పండితులుగా ఉన్నారు. ఈ మధ్యలోనే సంస్కృతం నేర్చారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఒక మాదిగ తల్లి కొడుకుకు సంస్కృత కావ్యాలు చెప్పే గురువు ఆ రోజుల్లో దొరకడం ఎంత కష్టమో, చెప్పిన గురువుకు ఎంత ధైర్యం కావాలో ఆలోచించాలి. దీపాల పిచ్చయ్యశాస్త్రి గారు, ఈయన స్నేహితులు. ఇద్దరూ కలిసి జంటకవులుగా రాద్దామని కూడా అనుకున్నారట. రెండు పేర్లూ కలిపి పలకడానికి కుదరక మానేశారంటారు.

రంగస్థలం మీద ఇష్టం ఆయనకు మొదటినుంచీ ఉంది. తొలినాళ్ళ రచనల్లో నాటకాలు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో పద్యనాటకం అంటే ఇప్పటి సినిమా, టీవీ, సంగీత కచేరీ అన్నీ కలిపినంత. ఊళ్ళలో పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో రాత్రంతా ఆడేవారు. పద్యం రాసినవాడికి పుస్తకం అమ్ముడుపోకపోయినా, ఒక మంచి గాయకుడి గొంతులో పడితే చాలు, జిల్లాలన్నీ తిరిగొచ్చేది.

అయితే సభల్లో ఆయనకు ఎదురైనది వేరు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన తన పద్యాలు చదివారు. పద్యాల్లో తప్పు ఎవరూ పట్టలేదు. తక్కువ కులంవాడిని సభలోకి ఎందుకు రానిచ్చారని మాత్రం కొందరు గొడవ చేశారు. సొంత ఊరు, తెలిసిన ముఖాలు. ఆ అవమానం ఆయన ఎన్నడూ మరచిపోలేదు. ఇంకో వైపు క్రైస్తవ సమాజంలో కొందరు, క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాల మీద కవిత్వం రాస్తాడేమిటని ఆయన్ని వేధించారు. ఇటువాళ్ళకు కులం అడ్డం, అటువాళ్ళకు మతం అడ్డం. ఏ పక్కా పూర్తిగా తనది కాని చోట నిలబడి ఆయన రాయవలసి వచ్చింది.

స్మశానవాటి అనే ఖండిక ఈ కాలంలోదే. ఆయన ఖండకావ్య సంపుటాల్లో ఉంది. అందులో ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో క్లుప్తంగా చెబుతాను. ఈ మట్టిలో పడుకున్నవాళ్ళు ఎవరూ తిరిగి లేవరు. కవి కలం, కొత్త పెళ్ళికూతురి మంగళసూత్రం, రాజుల అధికార ముద్రలు, చిత్రకారుడి కుంచె అన్నీ చివరికి ఇక్కడే కాలిపోతాయి. ఆ తరువాత అసలు మాట వస్తుంది. అంటరానితనానికి ఈ చోట ప్రవేశం లేదు. పులిని, మేకను ఒక పక్కన చేర్చి జోకొట్టే చోటు ఇది. స్మశానం మీద తెలుగులో ఎంతోమంది వైరాగ్యం రాశారు. వాళ్ళందరూ చావు గురించి రాశారు. జాషువా గారు చావు గురించి రాస్తున్నట్టు కనిపిస్తూ బతికున్న ఊరి గురించి రాశారు. ఊళ్ళో దొరకని సమానత్వం కాటిలో దొరికిందంటే అది కాటికి పొగడ్త కాదు, ఊరికి తిట్టు.

ఈ పద్యాలు హరిశ్చంద్ర నాటకానికి ఎంత చక్కగా అతికాయో కథ తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది. సత్యం కోసం రాజ్యం వదులుకున్న రాజు కాశీలో భార్య చంద్రమతిని, కొడుకు లోహితాస్యుణ్ణి అమ్మి, చివరికి తన్ను తాను వీరబాహుడికి అమ్ముకుంటాడు. కాటికాపరి అవుతాడు. కిరీటం పెట్టుకున్న తల మీద గొంగడి వేసుకుని ఆ రాజు స్మశానంలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఏమనుకుంటాడు? అక్కడ జాషువా గారి పద్యాలే ఒదిగాయి. రాజు నోట ఆ మాటలు వింటుంటే ఇవి బయటినుంచి తెచ్చి చేర్చినవని ఎవరికీ అనిపించదు.

ఒక గాయకుడు పాడగా విని ఇంకొకరు, అతన్ని విని మరొకరు నేర్చుకున్నారు. డి.వి. సుబ్బారావు గారు హరిశ్చంద్రుడిగా పాడిన కాటి సీను రికార్డులు, క్యాసెట్లు ఊరూరా మోగాయి. ఆ తరువాత వచ్చిన ఎంతోమంది నటులు ఆయన బాణీలోనే పాడుతూ వచ్చారు. ఫలానా వారి బాణీలో పాడుతున్నాడంటే అది తక్కువగా చూసే మాట కాదు, మెచ్చుకోలే. జనం కూడా అసలు గాయకుడితో పోల్చి, ఇక్కడ గమకం బాగుంది, అక్కడ అంత పొడుగు తియ్యలేకపోయాడు అని లెక్క చెబుతారు. బడి ముఖం చూడని కూలీలు, పశువులు కాచేవాళ్ళు ఆ పద్యాలు వరసగా అప్పజెప్పగలరు. తెలుగులో ఎంతో మంది కవుల పద్యాలు పరీక్షల కోసం నేర్చుకుంటాం. పరీక్ష లేకుండా జనం నేర్చుకున్న పద్యాలు కొన్నే. వాటిలో ఇవి ఉన్నాయి.

ఇక్కడ నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి ఒకటి ఉంది. అదే నాటకంలో, అదే రాత్రి, వీరబాహుడి పాత్ర వస్తుంది. చాలా చోట్ల వీరబాహుణ్ణి తాగి తూలుతూ, భార్యతో కీచులాడుతూ, జనాన్ని నవ్వించే పాత్రగా చూపిస్తారు. కులం పేరుమీద హాస్యం నడుస్తుంది. పందిరంతా నవ్వుతుంది. నిజానికి కథ ప్రకారం రాజుగారి సత్యం నిలబడింది వీరబాహుడు ఇచ్చిన డబ్బుతోనే. ఆ డబ్బు లేకపోతే విశ్వామిత్రుడి బాకీ తీరేదే కాదు. అలాంటి మనిషిని చూసి నవ్విన జనమే, కొద్దిసేపటికి అంటరానితనం లేని చోటు గురించి జాషువా గారి పద్యం విని కళ్ళు తుడుచుకుంటారు. ఈ రెండూ ఒకే పందిట్లో ఎలా కుదురుతాయో నాకు అర్థం కాదు. చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఒక కులంవారు అభ్యంతరం చెబితే 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. వీరబాహుడి గురించి అంత గట్టిగా అడిగినట్టు నేను వినలేదు. నాటకం ఆపమని నేను అనను. హరిశ్చంద్ర ఆడితే నేను కూడా తెల్లవార్లూ కూర్చుంటాను. ఆ పాత్ర వేసే నటుడు మాత్రం దాన్ని మనిషిలా వేస్తే బాగుంటుంది. అలా వేసినా రక్తి కడుతుంది.

జాషువా గారి మిగతా రచనల గురించి మీరు పాఠాల్లో చదివే ఉంటారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1932లో ఫిరదౌసి వచ్చింది. పద్యానికి ఒక బంగారు నాణెం ఇస్తానని మాట తప్పిన గజనీ మహమ్మదు, మోసపోయిన పారశీక కవి ఫిరదౌసి కథ అది. రాజు దగ్గర కవికి జరిగిన అన్యాయం గురించి రాయడానికి జాషువా గారికి వేరే అనుభవం అరువు తెచ్చుకోవలసిన అవసరం లేకపోయింది. 1941లో గబ్బిలం వచ్చింది. గుడిలోకి వెళ్ళలేని ఒక పేద అరుంధతీయుడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలం ఎందుకంటే అది గుడి లోపల దేవుడి దగ్గర వేలాడగలదు. దాన్ని ఎవరూ బయటికి వెళ్ళమనరు. కాళిదాసు మేఘాన్ని పంపితే ఈయన గబ్బిలాన్ని పంపారు. గురువు దగ్గర మేఘసందేశం చదువుకున్నది ఇలా పనికొచ్చింది.

రాత్రి నాటకాల్లో హరిశ్చంద్రకు సాటివచ్చే ఇంకో నాటకం కురుక్షేత్రం. అందులో మనం వినే పద్యాల్లో ఎక్కువ భాగం తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలవి. ఆ జంటకవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు జాషువా గారి కాలికి స్వయంగా గండపెండేరం తొడిగారు. శాస్త్రిగారు బ్రాహ్మణులు, పెద్ద పండితులు, వయసులో చాలా పెద్దవారు. అలాంటివారు వంగి ఈయన పాదం ముట్టుకోవడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. వినుకొండ సభలో లోపలికి ఎందుకు రానిచ్చారని అడిగిన తెలుగు సాహిత్య లోకంలోనే ఇది కూడా జరిగింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన ప్రభుత్వ యుద్ధ ప్రచారకులుగా కొంతకాలం పనిచేశారు. 1957 నుంచి 1959 వరకు మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. తెర పక్కన నిలబడి మాట చెప్పిన మనిషి మళ్ళీ గొంతుకు సంబంధించిన ఉద్యోగానికే చేరారు. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు. అదే ఏడాది క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1966లో నా కథ పేరుతో తన జీవితాన్ని పద్యాల్లోనే రాసుకున్నారు. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి కళాప్రపూర్ణ వచ్చాయి. బిరుదులు చాలా ఉన్నాయి గాని అన్నీ రాస్తే పేజీ చాలదు.

ఆయన కూతురు హేమలత గారు విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారి కుమారుడు లవణం గారిని పెళ్ళి చేసుకున్నారు. కూతురిది కూడా కులాంతర వివాహమే. భార్యాభర్తలిద్దరూ స్టూవర్టుపురంలో నేరస్థులని ముద్రపడిన కుటుంబాల మధ్య, నిజామాబాదు వైపు జోగినుల మధ్య ఏళ్ళతరబడి పనిచేశారు. హేమలత గారు 2008లో కన్నుమూశారు.

జాషువా గారు 1971 జూలై 24న గుంటూరులో మరణించారు. ఆయన పద్యాలు లేకుండా కాటి సీను ఆడే సమాజం తెలుగునాట కనపడటం కష్టం. అయినా నాటకం మొదలయ్యే ముందు మైకులో చెప్పే పేర్లలో హార్మోనియం వాయించేవారి పేరు ఉంటుంది, మేకప్ చేసినవారి పేరు ఉంటుంది, తెరలు, లైట్లు అద్దెకిచ్చినవారి పేరు ఉంటుంది, బలిజేపల్లి వారి పేరు ఉంటుంది. జాషువా గారి పేరు కొందరు చెబుతారు, కొందరు చెప్పరు. చెప్పనిచోట మనలో ఎవరైనా స్టేజి పక్కకు వెళ్ళి, చదివింపుల చీటీతో పాటు ఆ పేరు కూడా రాసి ఇస్తే, మైకు పట్టుకున్నాయన తప్పకుండా చదువుతాడు.